ముత్తమ్మ సంచిలో ముక్కు పురుగు

మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకు నా పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబడడం నా వల్ల కాదన్నాను. మనవరాలు ఫోన్ తెచ్చి, నువ్వు మాట్లాడు నానమ్మా, అదే రాసుకుంటుంది అంది. పరీక్షకు కాసేపు మాట్లాడి చూశాను. నేనన్నది ఒకటి, అది రాసింది ఇంకొకటి. అన్నది అన్నట్టు రాయనిదాన్ని నేను దేనికీ నమ్మను. అందుకే వాడగా మిగిలిన కాగితాల వెనక వైపు నా చేత్తోనే రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకొని చదవండి.

జీతం ఎప్పుడు పెరిగింది, పర్మినెంటు ఎట్లా అయ్యాను లాంటివి ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు.

పని అంటే ఇది

మాది చిన్న పురుగుల పని. పులులను, ఎలుగుబంట్లను లెక్కపెట్టేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకు జీపులున్నాయి. రాలిన ఆకుల కింద, కుళ్లిన మొద్దుల బెరడు కింద, చీమల పుట్టల అంచున బతికేవి మావి. వాటిని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఊళ్లో కూడా ఉండరు. గోరు మీద పట్టేంత తేలు ఉంటుంది. డెక్కలు అచ్చం తేలువే, వెనక కొండి మాత్రం ఉండదు. దుమ్ము కణం అనుకొని వేలు పెడితే ఎగిరి అవతల పడేవి ఉంటాయి. బియ్యపు నూకంత రోకలిబండ పురుగులు ఉంటాయి. మొదట్లో నాకూ అసహ్యంగానే ఉండేది. నెల తిరిగేసరికి అలవాటైంది.

అడవి నుంచి ఆకుచెత్త సంచులు వస్తాయి. దాన్ని జల్లెడ పట్టి గరాటులో పోసి, పైన బల్బు వెలిగించాలి. వేడి తగిలేకొద్దీ పురుగులు కిందికి దిగుతూ పోయి, గరాటు కొసన కట్టిన స్పిరిట్ సీసాలో పడతాయి. పడ్డ సీసాలో ఒక చీటీ వెయ్యాలి. ఏ ఊరు, ఏ గుట్ట, ఏ చెట్టు కింద, ఏ తేదీ, తెచ్చింది ఎవరు. పెన్సిల్‌తోనే రాయాలి. పెన్నుతో రాస్తే సిరా స్పిరిట్‌లో కరిగి తెల్ల కాగితం మిగులుతుంది. చీటీ సీసా లోపలే ఉండాలి. బయట అంటించింది ఏనాటికైనా ఊడిపోతుంది.

పురుగుకు పేరు పెట్టేది సార్లు. కాలి మీద వెంట్రుకలు ఎన్ని, డెక్క ఎటు వంగింది అని మైక్రోస్కోపు కింద చూసి ఇది ఫలానా జాతి అని తేలుస్తారు. ఆ చదువు నాకు లేదు. ఉన్నట్టు ఎప్పుడూ నటించలేదు. కానీ ఆ పురుగు ఎక్కడ బతుకుతుందో చెప్పేది మాత్రం చీటీయే. చీటీ తప్పయితే ఎంత గొప్ప సారు చూసినా ఆ సీసా మోరీలో పారబోయాల్సిందే.

ఎవరినీ నమ్మవద్దు, సంచిని అసలే నమ్మవద్దు

నన్ను పనిలో పెట్టుకున్న పాత సారు మాటలు తక్కువ మనిషి. ఒకసారి ఒక కాంట్రాక్టరు మూడు ఊళ్ల నుంచి అంటూ మూడు సంచులు తెచ్చి దించాడు. సారు మూడింటినీ నేల మీద కుప్పలుగా పోయించి, అతనికి చాయ్ తెప్పించారు. అతను తాగుతుంటే, మీరు తిరిగిన మూడు ఊళ్లలో చింతచెట్టు ఏ ఊళ్లో పెద్దది అని అడిగారు. అతను గ్లాసు సగంలోనే పెట్టి లేచాడు. మూడు కుప్పల్లోనూ ఉన్నది చింతాకే. ఏదో ఒక బస్టాండు వెనక నింపి తెచ్చాడు. అతన్ని సారు ఒక్క మాట అనలేదు, మళ్లీ పిలవనూ లేదు.

మనిషి తెచ్చిన సరుకును మనిషి మాట మీద తీసుకోకూడదని ఆ రోజు తెలిసింది. పుట్టుకతోనే నాకు అనుమానం ఎక్కువ. కూరగాయల అంగట్లో కాటా కింద చెయ్యి పెట్టి చూసే రకాన్ని. ఇంట్లో దానికి తిట్లు తిన్నాను. ఈ పనిలో మాత్రం అదే అన్నం పెట్టింది.

సంచుల సంగతి కూడా చెప్పాలి. ఒక గుట్ట మీద వాడిన సంచి ఇంకో గుట్టకు పోతే, కుట్ల సందులో దాగిన పురుగు కూడా పోతుంది. అక్కడ లేనిది ఉన్నట్టు చీటీ పడుతుంది. అందుకని ఒక్కో గుట్టకు ఒక్కో రంగు దారంతో సంచి మూతికి కుట్టు వేశాను. ఎర్ర కుట్టు సంచి దాని గుట్టకే. వాడిన ప్రతిసారీ మరిగే నీళ్లలో ముంచి ఎండెయ్యాలి. ప్రతిసారీ కొత్తవి కొందామని ఒక అసిస్టెంటు పిల్ల అంది. చినగని సంచి ఎందుకు పారేస్తామమ్మా, దారం చవకగదా అన్నాను. పిల్ల మూతి ముడుచుకుంది. సంచులు మాత్రం నేను రిటైరయ్యేదాకా అవే నడిచాయి.

ముత్తమ్మ

ఇక మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి చెబుతాను. ఆమె అసలు పేరు ముత్తమ్మ కాదు. గుట్ట పేరు కూడా ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

బూర్గంపాడు దాటి అడవిలోకి పోతే వస్తుంది వాళ్ల గూడెం. కోయవాళ్లు. మాకు ఆ గుట్ట ఆకుచెత్త తెచ్చేది ఆమెనే. సంత రోజున బస్సెక్కి కొత్తగూడెంలో మా ఆఫీసు ఉన్న కిరాయి ఇంటికి వచ్చేది. నెత్తి మీద రెండు సంచులు, చంకలో ఒకటి. ఒకటో రెండో మాటలు మాట్లాడి, కూలి తీసుకొని, సంతలో ఉప్పు, పొగాకు కొనుక్కొని పోయేది. అట్లా కొన్నేళ్లు నడిచింది. ఆమె తెచ్చిన ఆకులోంచి పడ్డ సీసాలే ఒక బీరువా నిండా ఉండేవి. వాటిలో ఒక రకం కొండి లేని తేలు ఇంకెక్కడా దొరకలేదని, ఆ ఒక్క గుట్ట మీదనే ఉందని చక్రపాణి సారు రాస్తున్నారు. చక్రపాణి సారు నా చివరి బాసు. కోస్తా వైపు మనిషి. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను 'రాజమ్మగారూ' అనేవాడు. పని బాగా వచ్చు. ఆ మాట ఒప్పుకోవాలి.

వానలు తగ్గిన రోజుల్లో ఒక పొద్దున సారు మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు.

"రాజమ్మగారూ, ఈ సీసా ఎక్కడిదండీ?"

చీటీ చూపించాను. ముత్తమ్మ గుట్ట, మద్దిచెట్టు కింద అని ఉంది.

"ఇది పామాయిల్ ముక్కు పురుగు. ఆ చెట్టు మగ పూల గుత్తుల్లో తప్ప ఎక్కడా పిల్లల్ని పెట్టదు. కాయ పట్టడానికి ఆఫ్రికా నుంచి తెచ్చి తోటల్లో వదిలారు దీన్ని. పూలు విచ్చితే సోంపు వాసన వస్తుంది, ఆ వాసనకు చేరతాయి. అశ్వారావుపేటలో ఏ తోటకు వెళ్లినా చొక్కా మీద వాలుతుంది. అడవిలో మద్దిచెట్టు కింద దీనికేం పని?"

నేను వంగి చూశాను. గోధుమ రంగులో, నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. చూస్తూనే నాకు ముత్తమ్మ చెల్లెలు గుర్తొచ్చింది. ఆ పిల్లను అశ్వారావుపేట వైపు ఇచ్చారు. ముత్తమ్మ అప్పుడప్పుడు అక్కడికి గెలల కోతకు కూలికి పోతుంది. అక్కడి తోట పక్కన సంచి నింపుకొని బస్సెక్కితే గుట్ట ఎక్కే పనే లేదు. నా లోపల చింతాకు కుప్పలు మెదిలాయి.

సారు కూడా అదే అనుకున్నారు. ఆయన అరవలేదు. బీరువా వైపు చూసి, ఇది నిజమైతే ఆవిడ తెచ్చిన ఏ సీసానూ నమ్మలేం, అన్నీ తీసేయాలి, ఆవిణ్ణి మాన్పించాలి అన్నారు. ముందు మీరు కనుక్కోండి అని నాకు అప్పగించారు.

అంటే సంగతి ఇంత. ముత్తమ్మ అబద్ధాలకోరు అయితే ఆమె పనీ పోతుంది, ఇన్నేళ్ల సీసాలూ మోరీలోకి పోతాయి. కాదంటే ఆ పురుగు గుట్ట మీదికి ఎట్లా వచ్చిందో నేను చెప్పగలగాలి.

ముందు సంచిని అనుమానించాను. ముత్తమ్మది నల్ల కుట్టు సంచి. ఆ కుట్టుది ఇంకెవరికీ ఇవ్వలేదు. గరాటు కడిగి ఉంది. ఆ వారం అశ్వారావుపేట వైపు నుంచి వేరే సంచి ఏదీ రాలేదు. సీసాలు కడిగే మనిషిని అడిగాను, ఊడ్చే మనిషిని అడిగాను. ఇద్దరూ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ పనిలో అది మామూలే. మీతో కూడా మానేస్తారు, పట్టించుకోవద్దు.

ఇక మిగిలింది ముత్తమ్మ.

చాయ్ ఇచ్చి అడగడం

మళ్లీ సంతకు వచ్చినప్పుడు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. నేను చాయ్ ఇవ్వడం ఆమెకు కొత్త. గ్లాసు పట్టుకొని చూస్తూ ఉంది, తాగలేదు. చెల్లెలు ఎట్లుందని అడిగాను. బాగుందంది. ఈమధ్య పోయినవా అంటే పోయిన అంది, గెలల కోతకే పోయిన అంది. దాచలేదు. అక్కడ ఆకు నింపినవా అని సూటిగా అడిగాను.

"ఏందక్కా గట్లంటవు. గుట్ట మీదనే నింపిన. కావాల్నంటె నా మోకాళ్లు జూడు."

మోకాళ్లు గీరుకుపోయి ఉన్న మాట నిజమే. కానీ మోకాళ్లు ఎక్కడైనా గీరుకుపోతాయి. గుట్ట మీద ఏయే చెట్లున్నాయో అడిగాను. మద్ది, తునికి, ఇప్ప, ఏది ఎక్కడ ఉందో ఆలోచించి ఆలోచించి చెప్పింది. ఆమె మామూలుగా అట్లానే చెబుతుంది. దారి అడిగినా ఒకసారి గాల్లోకి చూసి గాని నోరు తెరవదు. చివరికి, గుట్ట అవతలి వాలు మీద ఏమున్నదని అడిగాను.

"ఏం లెవ్వు. బండలు."

నా మాట పూర్తి కాకముందే జవాబు వచ్చింది. అక్కడ నాకు పట్టింది. కొత్త పిల్లలకు నేను చెప్పేది ఇదే. మనిషి చెప్పే జవాబును వినండి గాని, దాని కంటే ముందు ఆ మనిషి ఎప్పుడూ ఎంతసేపట్లో జవాబు చెబుతాడో తెలిసి ఉండాలి. ఒక్కరోజు మాట్లాడి ఎవరినీ పట్టలేరు.

నేను కూడా గుట్టకు వస్తానన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది. ఎలుగ్గొడ్డు తిరుగుతాందక్కా, పిల్లల తల్లి, మీదబడ్తది అంది. నా వయసు మనిషి ఎక్కలేదంది. పొయ్యే తోవ వానకు కోసుకపోయిందంది. ఒకటి చెబితే నమ్మేదాన్నేమో. మూడు చెప్పింది.

గుట్ట మీద

కొత్త సంచి ఒకటి నా చేత్తో కుట్టుకున్నాను. తెల్ల దారం. గూడెం దాకా ఆటోలో పోయి అక్కడి నుంచి నడిచాము. ముత్తమ్మ ముందు, నేను వెనక. ఆమె నడక చూస్తే నన్ను అలసిపోయేట్టు చేసి మధ్యలోనే కూర్చోబెట్టాలని ఉన్నట్టు అనిపించింది. నేను కూర్చోలేదు. ఆయాసం వచ్చినప్పుడు చెట్టు బెరడు చూస్తున్నట్టు నిలబడ్డాను.

మద్దిచెట్టు చూపించింది. ఆమె ఆకు గీరిన పాత జాగాలు అక్కడ కనిపించాయి, కొన్నింట్లో కొత్త ఆకు రాలి సగం నిండింది. ఏళ్ల తరబడి గీరిన గుర్తులు. అంటే గుట్ట ఎక్కుతూనే ఉంది. ఆమెను సంచి ముట్టుకోనివ్వలేదు. నేనే గీరాను, నేనే నింపాను, నేనే మూతి కట్టాను.

అప్పుడు గాలి అవతలి వైపు నుంచి తిరిగింది. అన్నం తిన్నాక నోట్లో వేసుకునే సోంపు వాసన. అడవిలో, ఎలుగుబంటి తిరిగే చోట.

"ముత్తమ్మా, వాసన వస్తున్నదా?"

"నాకేం రాట్లె."

నేను అంచు వైపు నడిచాను. తోవ లేదక్కా అంటూనే ఉంది. తోవ ఉంది. మనుషులు రోజూ నడిచే తోవ, రెండు పక్కలా గడ్డి అరిగి ఉంది. అంచు మీదికి పోయి చూస్తే కింద వాగు మలుపులో పచ్చటి మడత లాంటి జాగా. అందులో పామాయిల్ చెట్లు. ఇంకా పొట్టివే, మట్టలు నేలకు ఆనుతున్నాయి. మొదళ్లలో మగ పూల గుత్తులు విచ్చి ఉన్నాయి. మందారం మీద తుమ్మెదల్లాగా వాటి మీద ముక్కు పురుగులు ఆడుతున్నాయని నేను అంత దూరం నుంచి చూశానంటే అబద్ధం. అవి ఉంటాయని మాత్రం తెలుసు.

వెనక్కి తిరిగితే ముత్తమ్మ నేల మీద కూర్చుని ఉంది.

ఆమె చెప్పింది కొంచెం, నేను అడిగి రాబట్టింది కొంచెం. ఆమె పెనిమిటి, మరిది కలిసి పెట్టారు. తాతల నాటి పోడు జాగానే, కాని కాగితం లేదు. పత్తి వేస్తే పురుగు, మొక్కజొన్న వేస్తే పందులు. చెల్లెలి ఊళ్లో తోటలు చూసి మొక్కలు తెచ్చి, వాగు నీళ్లు మళ్లించి పెంచారు. మొదటి గెలలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. మోటర్‌సైకిల్ మీద చెల్లెలి ఇంటికి చేర్చి వాళ్ల తోట గెలల్లో కలిపేస్తున్నారు. అడవి జాగాలో తోట ఉందని తెలిస్తే ఫారెస్టువాళ్లు చెట్లు పీకేస్తారు. అందుకే ఆ వాలు మీద ఏం లేదని చెప్పింది. పురుగు ఒకటి ఎగిరొచ్చి తన సంచిలో పడి తనను పట్టిస్తుందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

ముందు నాకు కోపం వచ్చింది. తోట పెట్టడం ఒప్పే అని నేను ఇప్పటికీ అనను. పామాయిల్ తోటల ఆకుచెత్త నా గరాటులో ఎన్నోసార్లు పోశాను. చీమలు, బొద్దింకలు పడతాయి, కొండి లేని తేలు పడదు. ఆ తోట అట్లా పైకి పాకితే సారు ఇంకెక్కడా లేదని రాస్తున్న పురుగు అక్కడా ఉండదు. ఆ మాటే అన్నాను. ఆమె వింది. విని ఇట్లా అంది:

"అక్కా, నేను అశ్వారావుపేటల్నే నింపిన అని సారుకు చెప్త. అబద్ధాలకోరు అనుకోనీ. పని పోతె పోనీ. తోట మాట మాత్రం రాయకు."

"నువ్వు తెచ్చిన సీసాలన్నీ నిజంవి. అవన్నీ అబద్ధం చేస్తవా?"

"నీ సీసాలు నీకు. నా చెట్లు నాకు."

నేను సంచి ఎత్తుకొని దిగడం మొదలుపెట్టాను. బస్సులో సంచి నా ఒడిలోనే పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నతను పైన పెట్టమ్మా అన్నా పెట్టలేదు.

సారు ఏం అడిగారు, ఏం అడగలేదు

గరాటులో పోశాను. కొండి లేని తేళ్లు పడ్డాయి, సారు రాస్తున్న రకమే. వాటితోపాటు ముక్కు పురుగులు కూడా పడ్డాయి. సీసా తీసుకుపోయి సారు బల్ల మీద పెట్టాను.

సంచి నేనే నింపానని, నేనే మోశానని, ముత్తమ్మ చెయ్యి తగలలేదని చెప్పాను. ఆమె తెచ్చిన సీసాలన్నీ నిజమైనవేనని చెప్పాను. సారు మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు.

"అయితే దగ్గర్లో తోట ఉండాలి కదండీ."

"ఉండాలె సార్."

"మీరు చూశారా?"

గది బయట వాచ్‌మన్ ఉన్నాడు. నేను తలుపు దగ్గరికి వేశాను.

"సార్, చీటీల ఏం రాయాల్నో గది అడుగుండ్రి. గుట్ట, మద్దిచెట్టు, తేదీ, తెచ్చినామె పేరు. గవన్నీ నిజం. ఇంకా చెప్పుమని ఆర్డర్ ఏస్తె చూసింది చూసినట్టు చెప్త. మీకు అబద్ధమైతె చెప్ప. కాని నోట్లకెళ్లి వచ్చినంక మాట ఎక్కడిదాక పోతదో మీరు ఆపలేరు, నేను ఆపలేను."

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచారు. తుడిచినవే మళ్లీ తుడిచారు. ఫోన్ తీసి ఏదో చూశారు. ఈ రోజుల్లో పైనుంచి అడవి అంతా ఫోన్‌లో కనిపిస్తుందని నాకు తెలుసు, పామాయిల్ చెట్టు నక్షత్రంలాగా విడిగా కనిపిస్తుందని కూడా తెలుసు. ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

"చీటీ రాయండి" అన్నారు. "తెచ్చిన వాళ్ల పేరు దగ్గర ఇద్దరి పేర్లూ రాయండి. నేను ఇంకేమీ అడగలేదు."

బీరువాలో సీసాలు ఉన్నచోటనే ఉన్నాయి. తర్వాత సారు అచ్చు వేయించిన రాతలో, తోటల పురుగు అడవి అంచుల్లో కూడా కనిపిస్తోందని ఒక వాక్యం ఉందట. అంతే. ఆయన మంచితనంతో ఊరుకున్నారా, కొత్త జాతి మీద రాస్తున్నది ఆగిపోతుందని ఊరుకున్నారా, నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అయ్యుండొచ్చు. కొత్త పిల్లలు దీన్ని చూసి చీటీలో సగం దాచవచ్చని నేర్చుకోవద్దు. చీటీలో ఉండాల్సింది పూర్తిగా ఉంది. చీటీకి అక్కర్లేనిది ఏదో తెలియడానికి నాకు ఉద్యోగం మొత్తం పట్టింది. మీకు అంతకు ముందే తెలిస్తే మంచిదే, కాని తొందరపడి తెలిసిందనుకోవద్దు.

కోడి

మళ్లీ సంతకు ముత్తమ్మ రాదనుకున్నాను. వచ్చింది, సంచులతోనే వచ్చింది. పక్కకు తీసుకుపోయి, నీ పని పోలేదు, సీసాలు పోలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు అన్నాను. ఆమె మొహం తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏమియ్యాలె?" అంది.

ఏమీ అక్కర్లేదన్నాను. గట్టిగానే అన్నాను. నా జన్మలో ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు, ఆమె అట్లా అడగడం నాకు చెంపదెబ్బలాగా తగిలింది. ఆమె కూలి తీసుకొని వెళ్లిపోయింది.

తర్వాతి సంతకు కాళ్లు కట్టిన కోడిపెట్టను మా ఇంటి గడప దగ్గర పెట్టి పోయింది. నేను బస్టాండు దాకా ఎదురుపోయి ఆమె చేతిలోనే పెట్టి వచ్చాను. నలుగురూ చూస్తున్నారని కూడా చూడలేదు. ఆ తర్వాతి సంతకు ఇంటికే రెండు కోళ్లు తెచ్చింది.

అప్పుడు తెలిసింది. ఒకటి చాల్లేదనుకుంది. ఆ తోట చూసిన ప్రతివాడూ నోరు మూసుకునేందుకు ఏదో ఒకటి తీసుకునే పోయాడు. వాళ్లంటే ఆమెకు భయం లేదు, వాళ్ల ధర ఆమెకు తెలుసు. తీసుకోనన్నదాన్ని నేను ఒక్కదాన్నే. నేను ఎప్పుడు ఏం అడుగుతానో తెలియక ఆమెకు నిద్ర పడుతున్నట్టు లేదు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నేను ఇన్నేళ్లు అందరినీ చూసినట్టే ఆమె నన్ను చూస్తోంది.

తీసుకుంటే లంచం తిన్నదాన్నవుతాను. తీసుకోకపోతే ఆమె మూడోసారి ఏం తెస్తుందో తెలియదు. ఒక కోడిని వాపసు ఇచ్చాను. రెండోదాన్ని కొయ్యమన్నాను. ఇక్కడనే వండుదాం, నువ్వు కూడా తినాలె అన్నాను. ఆమె కదల్లేదు. కత్తిపీట తెచ్చి ముందర పెట్టాను. అప్పుడు కూర్చుంది.

వంట నేనే చేశాను, కారం కాస్త ఎక్కువైంది. ఇద్దరికీ ఒకేసారి కంచాల్లో వడ్డించి ఎదురెదురుగా కూర్చున్నాము. ఆమె అన్నంలో చెయ్యి పెట్టి ఊరుకుంది. నేను ముద్ద కలిపి, నోట్లో పెట్టుకొని, నమిలి మింగేదాకా ఆమె నా గొంతు వైపే చూసింది. నేను మింగాకే తన ముద్ద ఎత్తింది.